చదరంగ వీరుడు మీర్ సుల్తాన్ ఖాన్

వికారాబాదు, తాండూరు ప్రాంతముల బాలురు చదరంగము నేర్చుటకు బల్ల కొనవలసిన పని యంతగా లేదు. తాండూరు బండలు పఱచిన అరుగొకటి, బొగ్గుముక్క యొకటి యున్నచో అఱువదినాలుగు గళ్లును క్షణములో సిద్ధమగును. చింతగింజలు బంట్లగును, గులకరాళ్లు గుఱ్ఱములును ఏనుగులును అగును. పెద్దవారెవరో ప్రక్కన కూర్చుండి తప్పుటెత్తులు పట్టి చూపుచుందురు. ఇట్లే ఇంటియొద్ద తండ్రి చూపగా ఆట నేర్చి, చదరంగ శాస్త్రగ్రంథములేవియు అభ్యసింపకయే, ప్రపంచ విజేతగా వెలసిన మహావీరుని ఎదుట కూర్చుండి గెలిచిన భారతీయుడొకడు గలడు. అతని పేరు మీర్ సుల్తాన్ ఖాన్. అతని చరిత్రము విద్యార్థులెల్లరు ఎఱుగదగినది.

అతని కథ చెప్పుటకు ముందు మన ప్రాంతమును గూర్చి యొక మాట. ఈ క్రీడాచరిత్రమున హైదరాబాదు నగరమునకును ప్రాచీనమైన స్థానమొకటి కలదు. 1828, 1829 సంవత్సరములలో మద్రాసు, హైదరాబాదు నగరముల ఆటగాండ్రు ఉత్తరముల మూలమున చదరంగపు పోటీ సాగించిరి. అప్పటికి ఈ దేశమున రైలుబండి లేదు. మన వికారాబాదు, తాండూరుల మీదుగా పోవు ఇనుపదారి 1874లో గాని ఏర్పడలేదు. కావున ఒక్కొక్క ఎత్తు కాగితముపై వ్రాయబడి, తపాలా మోయువారి వీపుల నెక్కి, కొండలును నదులును దాటి పోవలసివచ్చెను. మద్రాసు పక్షమున ఆడినవారిలో గులాం ఖాసిం అను నాతడు ప్రసిద్ధుడు. అతడు జేమ్సు కాక్రేను అను ఆంగ్లేయునితో గూడి 1829లో మద్రాసున ఒక ప్రారంభపద్ధతిని గూర్చి గ్రంథము ప్రకటించెను. నేటికిని ఐరోపావారి చదరంగ గ్రంథములలో ఒక ఎత్తుల వరుసకు అతని పేరే యున్నది. మన దేశీయుల ప్రజ్ఞ సముద్రములు దాటుట సుల్తాన్ ఖాన్‌తో మొదలు కాలేదని తెలుపుటకే దీనిని వ్రాసితిని.

సుల్తాన్ ఖాన్ పంజాబు దేశమున, నేడు పాకిస్తానులో చేరిన సర్గోధా ప్రాంతపు మిఠా తివానా గ్రామమువాడు. అతడు జన్మించిన సంవత్సరము 1903 అని కొందఱును, 1905 అని కొందఱును వ్రాయుచున్నారు. సుల్తాన్ అనునది అతని పేరేగాని బిరుదు గాదు. అతడు ఏ రాజ్యమునకును ప్రభువు గాడు. తండ్రి నిజాముద్దీను మతగురువుల వంశమువాడు, కొంత భూవసతి గలవాడు. కుమారునకు తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రియే చదరంగము నేర్పెను. ఇరువదియొక యేండ్లు వచ్చునప్పటికి పంజాబులో అతనిని మించిన ఆటగాడు లేడను ప్రతీతి కలిగెను.

అతడు నేర్చినది మన దేశపు ఆట. ఐరోపావారి ఆటకును దానికిని నాడు కొన్ని ముఖ్యభేదములుండెను. మన ఆటలో బంటు మొదటి ఎత్తుననైనను ఒక్క గడియే జరుగును. ఐరోపావారి బంటు మొదట రెండు గళ్లు దుముకవచ్చును. మన రాజునకు వారివలె కోట కట్టుకొను సౌకర్యము లేదు. దానికి బదులుగా ఆటలో నొకమాఱు గుఱ్ఱమువలె దుముకు హక్కు కలదు. బంటు అవతలి కొసకు చేరినప్పుడు వారి ఆటలో ఏ బలము కావలసిన ఆ బలము కోరుకొనవచ్చును. మన ఆటలో అది ఏ బలపు వరుసలో చేరునో ఆ బలమే యగును. మూలలనుండు బలమును మనలో ఏనుగనువారును గలరు, శకటమనువారును గలరు. ఈ వ్యాసమున దానిని ఏనుగనియే చెప్పుచున్నాను. ఈ భేదములు చూచుటకు స్వల్పముగా కన్పట్టవచ్చును. కాని బంటు ఒక్కొక్క గడియే నడచునప్పుడు యుద్ధము మెల్లగా ముదురును, తొందరపాటునకు తావుండదు, రాజు చాలసేపు నడుమనే నిలిచి యుండును. రెండు గళ్ల దుముకుడుతో ఆరంభమగు ఐరోపా ఆటలో పది ఎత్తులలోపలనే పోరు రగుల్కొనును. ఆ మొదటి పది ఎత్తులను గూర్చి వారు అనేక గ్రంథములు వ్రాసికొనియుండిరి. మన సుల్తాన్ ఖాన్ ఆ గ్రంథముల నెఱుగడు.

ఈ యువకుని ప్రజ్ఞను కనిపెట్టినవాడు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా. ఈయన పంజాబులో గొప్ప జమీందారు, సైనికోద్యోగి, చదరంగప్రియుడు. సుల్తాన్ ఖాన్‌ను తన యింట నుంచుకొని, భత్యమును భోజనమును ఏర్పఱచి, తన సంస్థానమున చదరంగపు జట్టు నొకదానిని నడపుటకు నియోగించెను. ఐరోపా పద్ధతి నేర్పించినవాడును ఆయనయే. 1928లో అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలలో ఎనిమిది గెలిచి, ఒకటి సమముగా ముగించి, ప్రథముడయ్యెను. ఒక్కటియు ఓడలేదు.

మఱుచటి సంవత్సరము, అనగా 1929 వసంతమున, సర్ ఉమర్ లండను నగరమునకు పోవుచు తనతో అతనిని కొనిపోయెను. ఆంగ్లేయ క్రీడాకారులు ఈ క్రొత్తవాని బలమును పరీక్షింపగోరి చిన్న పోటీ నొకదానిని ఏర్పఱచిరి. అందు అతడు మిక్కిలి క్రిందిస్థానమున నిలిచెను. ప్రారంభపు ఎత్తులు తెలియకపోవుటయే దీనికి ముఖ్యకారణము; మొదటి పది ఎత్తులలో చెడిన ఆటను తరువాతి నలువది ఎత్తులలో బాగుచేసికొనుట ఎంత కష్టమో ఆటయెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. విలియం వింటరు, ఫ్రెడ్ యేట్సు అను ఆంగ్లేయ వీరులిరువురు అతనికి కొంతకాలము శిక్షణ మిచ్చిరి. తమకు పోటీ కాగలవానికి తామే విద్య గఱపిన ఈ యిరువురి ఔదార్యము మెచ్చదగినది. ఆ వేసవియందే రాంసుగేటు పట్టణమున బ్రిటిషు ఛాంపియను పోటీ జరిగెను. నాడు మన దేశము బ్రిటిషు సామ్రాజ్యమున నుండుటచే అందు పాల్గొను హక్కు అతనికి కలిగెను. ఎవరును ఎదురుచూడని విధమున అతడు ఆ పదవిని గెలిచికొనెను. ఐరోపాలో అడుగిడి నాలుగైదు మాసములైనను గడచియుండలేదు.

ఆ యేటి చివర స్వదేశమునకు వచ్చి, 1930 మే మాసమున మరల ఐరోపా చేరెను. అప్పటినుండి మూడున్నర సంవత్సరములు అతని జీవితమున వెలుగు నిండిన కాలము. హాంబర్గు (1930), ప్రాగు (1931), ఫోక్‌స్టన్ (1933) నగరములలో జరిగిన దేశదేశముల జట్ల పోటీలలో మూడింటను ఇంగ్లండు పక్షమున మొదటి బల్ల నలంకరించినవాడు ఈ పంజాబు పల్లెవాడే. మొదటి బల్ల యనగా ప్రతి దేశమును తన మేటివీరుని కూర్చుండబెట్టు చోటు. 1930లో బెల్జియం దేశపు లియేజి పట్టణమున ద్వితీయస్థానము పొందెను. అచ్చట ప్రథముడైన తార్తకోవరుతో 1931 జనవరిలో ప్రత్యేకముగా పండ్రెండు ఆటల పోటీ యాడి, నాలుగు గెలిచి, మూడు ఓడి, అయిదు సమముచేసి జయము పొందెను.

ఇక అతని కీర్తికి మూలమైన ఆటను వివరింపవలెను.

ఇంగ్లండు దక్షిణతీరమున హేస్టింగ్సు అను పట్టణము కలదు. అచ్చట ఏటేట క్రిస్మసు పండుగకును క్రొత్త సంవత్సరమునకును నడుమ చదరంగపు పోటీ జరుగుట ఆచారము. 1930–31 శీతకాలమున ఆ పోటీకి హోసే రావుల్ కాపబ్లాంకా వచ్చెను. ఇతడు 1888లో క్యూబా ద్వీపపు హవానా నగరమున జన్మించినవాడు. చిన్ననాడే తండ్రి ఆడుచుండగా చూచి ఆట పట్టుకొన్నవాడు. 1921లో లాస్కరును గెలిచి ప్రపంచ విజేత యయ్యెను. 1916 నుండి 1924 వఱకు ఎనిమిది సంవత్సరముల కాలము పోటీలలో ఒక్క ఆటయైన ఓడలేదు. 1927లో అలెఖీను చేతిలో పదవి కోల్పోయినను, ప్రపంచ విజేత నామముతోనే జనులు అతనిని తలచుచుండిరి. అట్టివాడు నలువదిరెండేండ్ల ప్రాయమున, పూర్ణానుభవముతో వచ్చి బల్లకు ఒక ప్రక్క కూర్చుండెను. రెండవ ప్రక్క, ఐరోపా ఆట నేర్చి కొద్ది సంవత్సరములైన సుల్తాన్ ఖాన్.

తెల్లబలము సుల్తాన్ ఖాన్‌ది. అతడు తన రాజునకు కోట కట్టలేదు. మన దేశపు ఆటలో వలె నడుమనే నిలిపెను. కాపబ్లాంకా తన కోటను కట్టుకొని, ఏనుగులు రెంటిని తెఱపిగానున్న ఒక నిలువు వరుసలోనికి చేర్చెను. ఇరువదియొకటవ ఎత్తున ఒక యేనుగు తెల్లసేన వెనుకటి వరుసకు దుమికి రాజునకు షా చెప్పెను. మఱుచటి ఎత్తున రెండవ యేనుగును వచ్చి పడెను. చూచువారు తెల్లరాజునకు అపాయము మూడినదనియే తలచియుందురు. అప్పుడు సుల్తాన్ ఖాన్ తన మంత్రిని అర్పించి, దానికి బదులుగా ఆ రెండు ఏనుగులను పుచ్చుకొనెను. లెక్కకు చూడగా ఇది ఇంచుమించు సరిపోవు బేరము. కాని అటుపిమ్మట బల్లమీద మిగిలిన బలములు చూడుడు: నల్లవారికి ఒక మంత్రి, ఒక శకటు, ఒక గుఱ్ఱము; తెల్లవారికి రెండు ఏనుగులు, రెండు శకటులు. మంత్రి ఒంటరిగా బల్లయంతయు తిరుగగలదు. నాలుగు బలములు కలిసి నడచిన నెమ్మదిగా నేలనంతయు ఆక్రమింపగలవు. తెఱపి వరుస ఇప్పుడు తెల్ల ఏనుగులకు దక్కెను. నల్లమంత్రి తెల్లవారి భూమిలో కొంతసేపు సంచరించి, పట్టు చిక్కక ఇల్లు చేరెను.

తరువాత నలువది ఎత్తుల కాలము అద్భుతమనదగిన సంఘటన యేదియు జరుగలేదు. తెల్లవారి బలములు ఒక్కొక్క గడియే ముందుకు జరిగెను. నల్లవారికి కదలు చోటు ఒక్కొక్క గడియే తగ్గెను. రైతు గట్టునుండి గట్టునకు మడి దున్నుకొని పోవునట్లు సుల్తాన్ ఖాన్ ఆడెను. అతడు మెఱుపువంటి ఎత్తులతో గెలువలేదు; తొందరపడకుండుటచే గెలిచెను. ఇది ఐరోపా గ్రంథములు నేర్పిన విద్యగా నాకు తోపదు. బంటు ఒక్క గడియే నడచు మన ఆటలో పండ్రెండు పదునైదేండ్లు తర్ఫీదైన ఓర్పు ఇందు కన్పట్టుచున్నది. అఱువదియైదవ ఎత్తున కాపబ్లాంకా ఓటమి నంగీకరించెను. ఆ పోటీలో తొమ్మిది ఆటలలో అతడు ఓడినది ఇది యొక్కటియే. డచ్చిదేశీయుడైన యూవే ప్రథముడు, కాపబ్లాంకా ద్వితీయుడు, సుల్తాన్ ఖాన్ తృతీయుడు. ఈ యూవేయే 1935లో ప్రపంచ విజేత యయ్యెను.

ఓడిన కాపబ్లాంకా ఇతనిని గూర్చి అసూయ చూపలేదు. అట్టి పరిస్థితులలో అంతటి స్థానమునకు వచ్చినవాడు అసాధారణ ప్రతిభావంతుడేగాని మఱియొకడు గాడని తరువాతి కాలమున వ్రాసెను. 1931లో ప్రాగు నగరమున సుల్తాన్ ఖాన్ ఫ్లోరును, రూబిన్‌స్టైనును గెలిచి, నాడు ప్రపంచ విజేతగా నున్న అలెఖీనుతో సమముగా ముగించెను. 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియను పదవిని మరల రెండుమాఱులు గెలిచెను. 1933లో స్త్రీల పోటీలో గెలిచిన మిస్ ఫాతిమా అను వనితయు సర్ ఉమర్ ఇంటివారిలో నొకతెయే. ఒకే గృహమునుండి వచ్చిన ఇరువురు భారతీయులు ఒకే సంవత్సరమున బ్రిటిషు పదవులు రెంటిని గైకొనుట మన పత్రికలలో నేడైనను విరివిగా చెప్పుకొనవలసిన విషయము.

ఈ విజయములన్నియు సుఖముగా కలిగినవి కావు. ఆంగ్లదేశపు చలి అతనికి సరిపడలేదు. మలేరియా జ్వరము, జలుబు, గొంతునొప్పి తఱచుగా బాధించుచుండెను. మెడకు గుడ్డ చుట్టుకొని బల్లకడ కూర్చున్న దినములు పెక్కులు. ఆంగ్లభాష స్వల్పముగా మాత్రమే వచ్చును. ఆట ముగిసిన పిమ్మట ఐరోపా వీరులు కూర్చుండి ఎత్తులను చర్చించుకొనుచుండగా ఇతడు మౌనముగా నుండెడివాడు. ఎండయు గోధుమచేలును గల దేశమునుండి మంచుకురియు ఊళ్లకు పోయి, మాట కలుపువారు లేక, రోగముతో ఆడి, అంతటివారిని గెలిచెనని చదువునప్పుడు గెలుపు సంఖ్యల విలువ మఱింత హెచ్చుచున్నది.

ఇచ్చట ఒక వివాదమును దాచుట న్యాయము గాదు. 1933లో ఫోక్‌స్టన్ పోటీ ముగిసిన పిదప అమెరికా జట్టువారిని సర్ ఉమర్ తన లండను గృహమునకు విందునకు పిలిచెను. ఆ విందులో తమకు వడ్డించినవాడు సుల్తాన్ ఖానే యని, ఇంగ్లండు మొదటి బల్ల వీరుడు తమవంటివారికి భోజనము తెచ్చి పెట్టుచుండగా తాము సిగ్గుపడితిమని ఆ జట్టులోని రూబెన్ ఫైను తరువాత వ్రాసెను. దీనినిబట్టి పెక్కు గ్రంథములు సుల్తాన్ ఖాన్‌ను సేవకుడనియు, కొన్ని చదువురానివాడనియు చిత్రించినవి. అతని సంతతివారు దీనిని ఖండించిరి. అతడు గౌరవముగల కుటుంబమువాడనియు, భూవసతి గలవాడనియు, నిరక్షరాస్యుడు గాడనియు వారి వాదము. విందులో వడ్డన జరిగియుండవచ్చును. మన దేశమున అతిథికి ఇంటివాడే స్వయముగా వడ్డించుట మర్యాద. పెద్దల యింట చిన్నవారు వడ్డించుట వాడుక. బల్లచుట్టు కూర్చుండి నౌకర్లచే వడ్డింపించుకొను దేశమువారు ఆ దృశ్యమును మఱియొక విధముగా అర్థము చేసికొని యుండవచ్చును. అయినను ఒక సంగతి మాత్రము కాదనరానిది. ఏ పోటీకి పోవలెనో, ఏ దేశమున నుండవలెనో, ఎప్పుడు మరలవలెనో నిర్ణయించినవాడు సుల్తాన్ ఖాన్ కాడు. సర్ ఉమర్ లేనిచో అతడు లండను చూచియుండడు; సర్ ఉమర్ మరలినప్పుడు లండనులో నిలువనులేదు. ఆ ప్రభువు చేసిన మేలును, ఆ మేలునకుండిన హద్దును రెంటిని చెప్పినగాని ఈ చరిత్రము పూర్తి కాదు.

1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశమునకు బయలుదేఱెను. సుల్తాన్ ఖానును అతనితో వచ్చెను. మరల ఐరోపా పోటీలలో అతడు కనబడలేదు. నాటికి అతనికి ముప్పదియేండ్లు నిండెనో లేదో. చదరంగ వీరులు సాధారణముగా పూర్ణబలమునకు వచ్చు వయస్సది. 1935లో వి. కె. ఖాడిల్కరు అను భారతీయ వీరునితో పది ఆటల పోటీ యాడి తొమ్మిది గెలిచి, ఒకటి మాత్రము సమముగా విడిచెను. ఆ మీదట పోటీల పట్టికలలో అతని పేరు లేదు. ఐరోపాలో అతడు ఆడిన కాలమంతయు కూర్చినను అయిదు సంవత్సరములు నిండవు.

1944లో సర్ ఉమర్ మరణించెను. సుల్తాన్ ఖాన్‌నకు తన స్వగ్రామ ప్రాంతముననే చిన్న వ్యవసాయక్షేత్ర ముండెను. అచ్చట కాపురముండి సేద్యముతో కాలము గడపెను. 1947లో దేశవిభజనచే ఆ ప్రాంతము పాకిస్తానులో చేరెను. 1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్యవారు గ్రాండుమాస్టరు బిరుదులు పంచిపెట్టిరి. పూర్వకాలమున గొప్పగా ఆడి విరమించిన రూబిన్‌స్టైను వంటివారికిని నాడు ఆ బిరుదు లభించెను. రూబిన్‌స్టైనును గెలిచినవాని పేరు ఆ పట్టికలో లేదు. ఇది సమాఖ్యవారి ఉపేక్షయో, ఏ దేశమువారును అతని పేరు సూచింపకపోవుటయో, ఏదైనను గొప్ప లోపమేయని నా అభిప్రాయము.

అతనికి పదునొకరు సంతానము. తండ్రి తనకు తొమ్మిదవ యేట నేర్పిన ఆటను అతడు తన బిడ్డలకు నేర్పలేదు. మీరు జీవితమున ఇంతకంటె ఉపయోగకరమైన పని యేదైన చేయుడని వారికి చెప్పెడివాడని అతని జ్యేష్ఠకుమారుడు తరువాత తెలిపెను. ఆ మాట చేదుతో వచ్చినదో, తృప్తితో వచ్చినదో నిర్ణయించుట పరులకు తగదు.

1966 ఏప్రిలు 25వ తేదీన సర్గోధాలో సుల్తాన్ ఖాన్ స్వర్గస్థుడయ్యెను. ఇరువదిరెండేండ్ల పిమ్మట, 1988లో, మద్రాసు యువకుడైన విశ్వనాథన్ ఆనందు గ్రాండుమాస్టరు బిరుదు పొందిన ప్రథమ భారతీయుడయ్యెను. 2002లో మన హైదరాబాదు నగరముననే జరిగిన ప్రపంచ కప్పు పోటీలో ఆనందు జయమందగా మన తెలుగువారు కన్నులార చూచిరి. సుల్తాన్ ఖాన్ విషయమై 2024 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమాఖ్యవారు గౌరవ గ్రాండుమాస్టరు బిరుదమును ప్రకటించి, దాని పత్రమును పాకిస్తాను ప్రధానమంత్రి చేతికి అందించిరి. అప్పటికి అతడు మరణించి ఏబదియేడు సంవత్సరములు దాటెను. హేస్టింగ్సు ఆటకు తొంబదిమూడేండ్లు నిండెను.